ఐతారం నాటి సూది

సిద్దిపేట కోర్టుకు ఎదురుగా, జిరాక్స్ దుకాణం మీది అంతస్తులో ఉషా వకీలు ఆఫీసు. సోమవారం పొద్దున దుబ్బాక బస్సు దిగి బాలమణి మెట్లెక్కేసరికి ఉషా ఫోను పక్కన పెట్టి ఎదుటి కుర్చీ చూపించింది. ఎప్పుడు వచ్చినా బయటి బెంచీ మీద గంటసేపు కూర్చోబెట్టే మనిషి. రాగానే కుర్చీ చూపిస్తే అది మంచికేనా అని బాలమణికి అనుమానం వచ్చింది.

"జైలోళ్లు జవాబు ఏసిన్రు అక్కా. శుక్రవారం హైకోర్టుల మన కేసు ఉంది," అంది ఉషా.

"ఏమని ఏసిన్రు మేడమ్?"

"మేం సూది ఇస్తమంటే ఆయనే వద్దన్నడు అంటున్నరు."

బాలమణి మొగుడు బుచ్చిరాములు పక్క జిల్లా జైల్లో ఏడేళ్ల శిక్షలో ఉన్నాడు. రెండేళ్లు గడిచాయి. షుగరు మనిషి. బయట ఉన్నన్నాళ్లూ రోజూ పొద్దున ఇన్సులిన్ సూది వేసుకుని, తిని, మగ్గం గుంటలో దిగేవాడు. జైల్లో ఆ సూది ఒకనాడు దొరికితే నాలుగునాళ్లు దొరకలేదు. చెప్పు కొరికిన చిన్న పుండు నల్లబడింది. జనవరిలో కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఇప్పుడు ఎడమపాదానికి పుండు పడింది. జైలు దవాఖానలో దూది మార్చి కట్టు కడుతున్నారు, అంతకుమించి ఏమీ లేదు. మనిషిని హైదరాబాద్ పెద్ద దవాఖానకు పంపమని, ఉన్న ఒక్క కాలైనా దక్కనివ్వమని బాలమణి పేరు మీద ఉషా హైకోర్టులో రిట్ వేసింది.

"అక్టోబరు నుంచి డిసెంబరు దాక, మూడు నెలల్ల నలభై మూడు సార్లు వద్దన్నడంట. ప్రతిదానికి ఏలిముద్ర ఉంది. మందుల రిజిస్టర్ జిరాక్సులు పెట్టిన్రు, చూడు." ఉషా కాగితాల కట్ట ఆమె ముందుకు జరిపింది. "మొండి మనిషి, మేం మాత్రం ఏం జేస్తం అన్నట్టు రాసుకున్నరు. జడ్జి గిది నమ్మితే మన మాట నడవదు. అందుకే అడుగుతున్న. ఆయన నిజంగ ఎప్పుడన్నా సూది వద్దన్నడా?"

బాలమణి నోరు తెరిచింది. నాలుక మీదికి వచ్చిన మాట మళ్లీ లోపలికే పోయింది.

"నాకెట్ల తెలుస్తది మేడమ్? నేను బయట ఉంటి."

"ఉంటే ముందే చెప్పు. కోర్టుల నిలవడ్డంక తెలుస్తే నేను చేసేది ఏం ఉండదు."

"లేదు మేడమ్," అంది బాలమణి. కాగితాలు సంచిలో పెట్టుకుని లేచింది.

దుబ్బాక బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అబద్ధం చెప్పింది. బుచ్చిరాములు సూది వద్దన్నాడు. వద్దనమని చెప్పింది తానే.

పోయిన ఎండాకాలం శిక్ష మీద అప్పీలు వేసినప్పుడు ములాఖత్‌కు పోయి, జాలీ అవతల నిలబడ్డ మొగుడికి చెప్పింది: "కొమురెల్లి మల్లన్నకు మొక్కిన. అప్పీలు తేలేదాక ఐతారం ఐతారం ఒక్కపొద్దు ఉండు." ఆదివారం పొద్దంతా ఏమీ తినకుండా, సాయంత్రం స్నానం చేసి దేవుణ్ణి తలచుకున్నాకే ఒక్క పూట తినాలి. ఆనాడు సూది కూడా వేయించుకోవద్దని చెప్పింది. అది వాళ్లింటి పద్ధతి. సూది గుచ్చితే చుక్క రక్తం వస్తుంది, రక్తం కళ్లబడితే మొక్కు మైలపడుతుంది అని ఆమె అత్త చెప్పేది. అత్త పోయి పదేళ్లయినా ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. వారానికి ఒక్కనాడే కదా అనుకుంది బాలమణి అప్పుడు. జనవరిలో కాలు తీశారని ఫోను వచ్చిన క్షణం నుంచి ఆ ఒక్కనాడే ఆమె గుండెలో కూర్చుంది.

ఇంటికి చేరాక కాళ్లు కడుక్కుని, దేవుడి అరలో దీపం పెట్టి, కాసేపు చేతులు జోడించి నిలబడింది. రోజూ అడిగేది అడగాలనిపించలేదు. కాగితాలు తీసుకుని గడప మీద, పొద్దు వెలుతురు ఇంకా ఉన్న చోట కూర్చుంది. రాత ఇంగ్లీషు. ఏడో తరగతి చదువుకు అది అందదు, కానీ తేదీలు అందుతాయి. నలభై మూడింటికీ విడిగా ఒక జాబితా ఉంది. అందులో ఐతారాలు ఎన్ని ఉన్నాయో చూసుకుంటే తన తప్పు ఎంతో తెలుస్తుంది కదా అనుకుంది. పది ఉంటే పది. పదమూడు ఉంటే పదమూడు.

వాళ్లింట్లో కొత్త క్యాలెండర్‌ను పాతదాని మీదే, అదే మేకుకు తగిలిస్తారు. పాతది తీసి పడేయడం అలవాటు లేదు. బాలమణి ఈ ఏటిదాన్ని ఎత్తి కిందిది తీసింది. నూలు కండెలు చుట్టేచోట ఉన్న పెన్సిలు తెచ్చి ఒక్కో తేదీకి గీత పెడుతూ పోయింది. నవంబరు మూడు, నాలుగు, ఐదు. పదమూడు, పద్నాలుగు, పదిహేను, ఆపైన పదిహేడు. డిసెంబరు దాకా వెళ్లి మళ్లీ మొదటి నుంచి చూసింది. క్యాలెండర్లో ఎర్రరంగు అంకె ఒక్కదాని మీద కూడా గీత పడలేదు.

నలభై మూడింటిలో ఒక్క ఐతారం లేదు.

ఆమెకు ముందు ప్రాణం లేచొచ్చింది. తర్వాత అర్థం కాలేదు. వద్దన్నది ఐతారాలే. మరి ఆ ఐతారాలన్నీ ఎటు పోయాయి?

మంగళవారం పొద్దున వాకిలి ఊడుస్తుంటే, పక్కింటి అరుగు మీద కనకవ్వ చాటలో బియ్యం ఏరుతోంది. బుచ్చిరాములుకు ఆమె చిన్నమ్మ. రెండిళ్లకు మధ్య మూరెడు మురికికాలువ. ఆ కాలువ నీళ్ల దగ్గరే మూడేళ్ల కింద బుచ్చిరాములుకు, కనకవ్వ కొడుకు రమేశ్‌కు మాటా మాటా పెరిగింది. బుచ్చిరాములు రెండు చేతులతో తోశాడు. రమేశ్ వెనక్కి పడ్డాడు, తల మెట్టు రాయికి తగిలింది. మూడోనాడు చనిపోయాడు. బుచ్చిరాములు పరుగెత్తలేదు, కాదనలేదు. పోలీసులు వచ్చేదాకా ఆ మెట్టు మీదే కూర్చున్నాడు. ఆనాటి నుంచి ఈ ఇంటికీ ఆ ఇంటికీ మాటల్లేవు.

బాలమణి చీపురు గోడకు ఆనించి కాలువ ఇవతల నిలబడింది.

"చిన్నత్తా."

కనకవ్వ తలెత్తలేదు. "చెవులు మందమైనయిగని కండ్లు బాగనే ఉన్నయి. నువ్వే అని తెలుసు. ఏంది?"

"ఒక్కపొద్దు నాడు సూది ఏయించుకోవద్దని అత్త చెప్పేది గదా. గది మల్లన్న పద్ధతేనా, మన ఇంటి పద్ధతా?"

"మూడేండ్లకు నోరు తెరిచి అడిగేది గిదా!" ముసలామె చాట పక్కన పెట్టింది. "మల్లన్నది గాదు, ఇంటిది గాదు. మీ అత్త పద్ధతి. మా అక్కకు సూదంటే పానం పోయినంత భయం. డాక్టరు వస్తుండంటే ఒక్కపొద్దని పండుకునేది."

"నిజంగనా?"

"నీతోని నాకు అబద్ధాలు ఎందుకు? మీ మామకు నిమోనియ వచ్చిననాడు ఐతారమే. డాక్టర్ను నేనే తోలుకొచ్చిన. రెండు సూదులు పొడిసిండు. మీ అత్త గప్పుడు ఏమన్నదా? మల్లన్న ఏమన్నడా? ఆ ఏడు గూడ అందరం కొమురెల్లి పోయొచ్చినం."

బాలమణి కాలువ అంచున కూర్చుంది. ఇన్నేళ్లూ ఆ మాటను దేవుడి మాటలా మోసింది. దేవుడు అన్నాడో లేదో ఒక్కసారైనా అడగలేదు. అడగకూడదేమో అనుకుంది. అడిగితే పాపమని ఎవరూ చెప్పలేదు కూడా.

"ఏమైందే?" అంది కనకవ్వ. గొంతు కొంచెం తగ్గింది.

బాలమణి చెప్పింది. ఐతారాల సంగతి, సూది సంగతి, నలభై మూడు వేలిముద్రల సంగతి, ఉన్న కాలికి పడ్డ పుండు సంగతి. చెబుతూ ఉండగానే, ఎవరికి చెబుతున్నానో గుర్తొచ్చి ఆగిపోయింది.

కనకవ్వ చాలాసేపు బియ్యంలో వేళ్లు ఆడించింది.

"నా కొడుకును తోసినోడు వాడు. వాని కాలు బాగుండాలని నేను మొక్క. మొక్కుమన్నా మొక్క."

"మొక్కుమంటలేను అత్తా."

"ఇను. తీర్పు జెప్పిననాడు నేను గూడ కోర్టుల ఉన్న. జడ్జి నోటెంట ఇన్న. ఏడేండ్లు అన్నడు. రెండు కాళ్లు అనలే." ఆమె చాట ఒళ్లోకి తీసుకుంది. "ఇగ పో. ఎండొస్తుంది, నా బియ్యం ఏరనియ్యి."

బుధవారం ములాఖత్. రెండు బస్సులు మారి జైలుకు చేరేసరికి పదకొండయింది. జాలీ అవతలికి బుచ్చిరాములును తోటి ఖైదీ చక్రాల కుర్చీలో తోసుకొచ్చాడు. మనిషి సగమయ్యాడు. ఎడమపాదానికి కట్టు, కట్టు మీద పసుపురంగు మరక. గుంట మగ్గం మీద కూర్చునేవాడికి చేతులతో ఎంత పనో కాళ్లతో అంత పని. ఆ పాదంతో ముప్పై ఏళ్లు చెక్కలు తొక్కాడు. ఇప్పుడది అతనిది కానట్టు కుర్చీ పలక మీద పడి ఉంది.

"నొస్తుందా?" అంది జాలీ పక్కన తగిలించిన ఫోను ఎత్తి.

"నొస్తే బాగుండు. నొస్తలేదు." అతను నవ్వబోయాడు. "తువ్వాలలు ఎన్ని నేసినవ్?"

"తువ్వాలల ముచ్చట తర్వాత. ఇరవై నిమిషాలే ఇస్తరు. ఐతారం నాడు నువ్వు సూది వద్దన్నవు గదా. మిగిలిన రోజులల్ల వద్దన్నవా?"

"నాకేమన్న పిచ్చా? సోమవారం నుంచి శనివారం దాక అడిగి అడిగి నోరు పోయింది. ఒకనాడు మందు రాలే అంటడు, ఒకనాడు ఫ్రిజ్ కరాబైంది అంటడు. నవంబరుల అయితే కంపౌండరు మొఖమే కనవడలే."

"మరి ఏలిముద్రలు?"

"కాలు తీసెతందుకు తోలుకపోయిన పొద్దున పెట్టిచ్చిన్రు. జ్వరంల ఉన్న. దవాఖానకు పంపాలంటే కాయితాలు కావాలె అన్నరు. ఎన్నో యాదికి లేదు. ఏలుకు సిరా పోవుడుకు మూడు దినాలు పట్టింది."

"ఐతారం నాడు సూది తెచ్చేటోళ్లా?"

"మొదాలు రెండు మూడు ఐతారాలు తెచ్చిన్రు. వద్దన్న. ఆ తర్వాత ఎవ్వలు రాలే. ఎందుకొస్తరు? నాకు ఐతారం ఒక్కపొద్దని సూపరింటెండెంటు సారే కాయితం మీద సంతకం పెట్టిండు. పొద్దటి టిఫిను, పగటి బువ్వ ఇయ్యొద్దు, సాయంత్రమే ఇయ్యాలె అని. వంటశాల గోడకు అతికిచ్చిన్రు గూడ."

బాలమణి ఫోను రెండు చేతులతో పట్టుకుంది. "ఐతారం నువ్వు వద్దన్నది నేను కోర్టుల చెప్తా."

అతని ముఖం మారిపోయింది.

"చెప్పకు."

"ఎందుకు?"

"ఎందుకేందే! నవ్వుతరు. మల్లన్నను బదనాం జేస్తవా? అదొక్కటే గాదు. మొగుని కాలు పెండ్లామే తీసిందంటరు. బజార్ల నడవనియ్యరు నిన్ను." అతను జాలీకి దగ్గరగా వంగాడు. "నేను తమ్ముని పానం తీసిన. నాది పోతే పోనియ్యి. నీ మీద మాట రావద్దు."

"ఉన్న కాలు గూడ పోతే?"

"పోతే పోయె."

"పోయెనా?" బాలమణికి కోపం వచ్చింది. "కుర్చీల కూసోని చెప్పుడు అల్కగనే ఉంటది. బయటికొచ్చినంక నిన్ను ఎత్తి మగ్గం మీద ఎవలు కూసోవెట్టాలె, మీ సూపరింటెండెంటా?"

అతను జవాబు చెప్పేలోపు ఇరవై నిమిషాలు అయిపోయి ఫోను ఆగిపోయింది. పెదవులు మాత్రం కదిలాయి. వద్దు, వద్దు అంటున్నాడని ఆమెకు తెలుసు.

ఆ రాత్రి బాలమణి అన్నం తినలేదు. గురువారం పొద్దునే సిద్దిపేట బస్సెక్కింది. మొగుడి మాట కాదనడం ఆమెకు కొత్త. దారిపొడవునా తనకు తానే సర్ది చెప్పుకుంది, ఆ సర్దుబాట్లు ఏవీ నిలబడలేదు. చెబితే జైలువాళ్లు, చూశారా మనిషే వద్దన్నాడు అంటారు. చెప్పకపోతే ఆ నలభై మూడూ నిజమైపోతాయి. ఏది చేసినా ఆ కాలు దక్కుతుందో లేదో. దేవుణ్ణి అడుగుదామంటే, ఇంతకు ముందు దేవుడి పేరున తానే చెప్పేసిన మాట ఒకటి మధ్యలో అడ్డంగా ఉంది.

ఉషా విన్నది. విన్నాక కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"సోమవారం అడిగిన గదా అక్కా! నీ కండ్ల ముందటే అడిగిన గదా!"

"భయమైంది మేడమ్."

"నీకు భయమైతే నేను అక్కడ లేచి నిలవడి ఒక్కసారి కూడ వద్దనలేదు అని చెప్పేదాన్ని. రేపు సర్కారు వకీలు లేచి, ఒక్కపొద్దు ఉన్నడట గదా అంటే నా మొఖం ఎక్కడ పెట్టుకోవాలె?"

"తిట్టు మేడమ్. తిట్టినంక రిజిస్టర్ల ఐతారాలు ఏమని రాసిన్రో ఒక్కసారి చూడు."

"ఐతారాలా?"

"వద్దన్న దినాలల్ల ఒక్క ఐతారం లేదు. క్యాలెండర్ ముందట పెట్టుకొని చూసిన."

ఉషా కట్ట విప్పింది. ఫోనులో క్యాలెండర్ తెరిచి పక్కన పెట్టుకుంది. అక్టోబరు ఐదు. పన్నెండు. పంతొమ్మిది. పేజీలు తిప్పుతున్న చేయి నెమ్మదించింది.

"ఇచ్చినమని ఉంది," అంది. "పొద్దున ఎనిమిదింటికి ఇచ్చినమని. అన్ని ఐతారాలు. పదమూడుకు పదమూడు."

"ఐతారం పొద్దున ఆయన పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టడు. సాయంత్రం దాక బువ్వ పెట్టొద్దని జైలు సారు సంతకంతోని కాయితం ఉందట. వంటశాల గోడకు అతికిచ్చిన్రట."

ఉషా వెనక్కి వాలింది. అడిగిన రోజు ఇవ్వలేదు, వద్దన్న రోజు ఇచ్చామన్నారు. ఆ మూడు నెలలూ ఎవరో ఒకేసారి కూర్చుని, ఆ మనిషి వారం ఎలా గడుస్తుందో తెలియకుండానే రాసేశారు.

"అక్కా, గిది చెప్తే రిజిస్టర్ అబద్ధమని తేలిపోతది. నిజమే. కని వాళ్లకు గూడ ఒక మాట దొరుకుతది. పోయిన కాలు గురించి రేపు ఎప్పుడన్నా గట్టిగ అడిగితే, ఐతారాలు నీ మొగుడు సూది వద్దనలేదా, నువ్వే చెప్పలేదా అంటరు. పేపరోళ్లు గూడ రాస్తరు. నీ పేరుతోని రాస్తరు."

"పోయిన కాలు పోయింది మేడమ్. ముందుగాల ఉన్నది చూడు."

ఉషా కంప్యూటర్ దగ్గరికి జరిగి అఫిడవిట్ కొట్టడం మొదలుపెట్టింది. కొట్టిన ప్రతి వాక్యాన్నీ తెలుగులో చెప్పింది. "మల్లన్న మొక్కు కారణంగా నా భర్త ఆదివారాలు ఇన్సులిన్ నిరాకరించాడు..."

"ఆగు మేడమ్. అట్ల రాయకు."

"ఎట్ల రాయాలె?"

"ఒక్కపొద్దు మల్లన్నకే. సూది వద్దని చెప్పింది మాత్రం నేను. ఆయన అడగలే. రెండు ఏరేరుగ రాయి."

ఉషా ఆమె వంక చూసింది. కోర్టుకు ఆ తేడాతో పనిలేదని చెప్పబోయి, మానేసి, చెరిపి మళ్లీ కొట్టింది. బాలమణి కింద తన పేరు ఒక్కో అక్షరం కూడదీసుకుంటూ రాసింది.

శుక్రవారం హైకోర్టులో వాళ్ల కేసు పిలిచేసరికి మధ్యాహ్నం దాటింది. బాలమణి చివరి వరసలో, గోడకు దగ్గరగా నిలబడింది. అంతా ఇంగ్లీషులో నడిచింది. సర్కారు వకీలు చేయి తిప్పుతూ ఏదో అన్నాడు, ఒకరిద్దరు నవ్వారు. తన గురించేనని ఆమె చెవులు వేడెక్కాయి. అప్పుడు జడ్జి కాగితం మీద నుంచి తల ఎత్తి తెలుగులో అడిగాడు.

"పిటిషనర్ వచ్చారా? ముందుకు రండమ్మా."

వచ్చింది.

"మీ మాట మీద మీ భర్త ఆదివారాలు ఇంజక్షన్ వద్దన్నాడని మీరే రాశారు. ఇది మీకు నష్టం చేస్తుందని మీ వకీలు చెప్పలేదా?"

"చెప్పింది సార్."

"మరి?"

"జరిగింది గదే సార్. ఐతారం వద్దన్నడు. మిగిలినయి అడిగిండు. ఇయ్యలే."

సర్కారు వకీలు లేచాడు. "మై లార్డ్, ఖైదీ నిరాకరించాడనే కదా మేమూ చెబుతున్నది. వాళ్లే ఒప్పుకున్నారు."

"మీరు ఆదివారాలు నిరాకరించాడని చెప్పలేదే," అన్నాడు జడ్జి. "ఆదివారాలు ఇచ్చామన్నారు. పొద్దున ఎనిమిదింటికి. ఆ రోజు సాయంత్రం దాకా అతనికి ఆహారం ఇవ్వవద్దని మీ సూపరింటెండెంటు అనుమతి ఇచ్చారా లేదా?"

సర్కారు వకీలు వెనక్కి తిరిగి, కూడా వచ్చిన జైలు అధికారి వంక చూశాడు. అధికారి అతని చెవిలో ఏదో చెప్పాడు.

"ఇచ్చినట్టున్నారు, మై లార్డ్."

"అయితే పన్నెండు గంటలు అన్నం లేని షుగరు రోగికి పొద్దున్నే ఇన్సులిన్ పొడిచారన్నమాట. పదమూడు వారాలు. మనిషి ఎలా బతికాడు?" జడ్జి గొంతు పెంచలేదు. "పొడవలేదంటే, ఇచ్చామని ఈ టిక్కులు ఎవరు పెట్టారు?"

నవ్వినవాళ్లు ఇప్పుడు నవ్వలేదు. జైలు అధికారి చేతిలోని ఫైలు మూసి, మళ్లీ తెరిచాడు.

బయట వరండాలో ఉషా ఆర్డరు సంగతి చెప్పింది. రేపు మధ్యాహ్నంలోగా బుచ్చిరాములును పెద్ద దవాఖానకు తరలించాలి. వైద్యం అయ్యేదాకా అక్కడి డాక్టర్లు చెబితే తప్ప వెనక్కి తీసుకుపోకూడదు. మందుల రిజిస్టరు, వంటశాల రిజిస్టరు అసలువి కోర్టుకు తేవాలి. మిగతా విచారణ రెండు వారాల తర్వాత.

"ఐతారాల మాట గూడ రాసిన్రా మేడమ్?"

"రాసిన్రు. భార్య సలహా మీద అని. అది ఇగ పోదు అక్కా, కాయితం మీద ఉంటది."

"ఉండనియ్," అంది బాలమణి. అని, వరండా స్తంభానికి ఆనుకుని ఏడ్చింది. ఉషా నీళ్ల సీసా మూత తీసి పట్టుకుని పక్కన నిలబడింది, తొందర పెట్టలేదు.

శనివారం పదకొండున్నరకు జైలు వ్యాను దవాఖాన ముందు ఆగింది. ఇద్దరు పోలీసులు బుచ్చిరాములును స్ట్రెచర్ మీదికి దించారు. బాలమణి ఎదురుపోయింది. అతను ఆమెను చూసి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. జైల్లో ఎవరో పేపరు చదివి వినిపించి ఉంటారు. ఆమె స్ట్రెచర్ వెంట నడిచింది.

వార్డులో కుర్ర డాక్టరు కట్టు విప్పాడు. వాసనకు ఒక పోలీసు బయటికి పోయాడు. డాక్టరు పోలేదు. తొడుగు వేసుకున్న వేలితో పాదం మీద ఒక్కోచోట ఒత్తుతూ పోయాడు.

"తెలుస్తోందా?"

"లేదు సార్."

"ఇక్కడ?"

"లేదు."

చిటికెన వేలు, దాని పక్క వేలు నల్లబడి ఉన్నాయి. డాక్టరు వాటి దగ్గర ఎక్కువసేపు ఆగి, పాదం మధ్యకు, అక్కడి నుంచి మడమకు వచ్చాడు. బాలమణి మంచం ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడింది. మనసులో మల్లన్నా అని మాత్రం అనుకుంది. దాని వెనక ఇది ఇస్తా, అది మానేస్తా అని ఏదీ కలపలేదు.

"ఇక్కడ?"

బుచ్చిరాములు గోడవైపు నుంచి తల తిప్పాడు.

"ఆఁ. తెలుస్తుంది సార్."

డాక్టరు చీలమండ పక్కన వేలు పెట్టి, నాడి కొట్టుకోవడం దొరుకుతుందేమోనని కాసేపు వెతికాడు. "రెండు వేళ్లు ఉంచలేం," అన్నాడు, బాలమణి వైపు చూస్తూ. "పాదం నిలబెట్టే ప్రయత్నం చేద్దాం. మాట ఇవ్వలేను. ఇంకో పది రోజులు ఆగి ఉంటే ప్రయత్నం కూడా ఉండేది కాదు."

అతను సిస్టరుకు ఏదో చెప్పడానికి తల తిప్పాడు. ఆ సందులో బుచ్చిరాములు నెమ్మదిగా అడిగాడు.

"చెప్పకుమన్న గదా."

"అన్నవు."

"నా మాట ఇనవు."

"ఇనలే."

అతను ఆమెను కాసేపు అలాగే చూశాడు. కోపం ఉంది, పోలేదు. అది ఎన్నాళ్లు ఉంటుందో బాలమణికి తెలియదు. అంతలో డాక్టరు మళ్లీ మంచం దగ్గరికి వచ్చి కొత్త కట్టు కోసం పాదం ఎత్తబోయాడు.

"సార్," అన్నాడు బుచ్చిరాములు. "కట్టేసేముందు ఇంకొక్కసారి ఒత్తు సార్. మడిమె కాడ."